విడిగా ఉంటాం సరే, ఎలా ఉంటాం?

ప్రశ్న: మాది గుంటూరు. నాకు 39 ఏళ్లు. పెళ్లయి 16 ఏళ్లయింది. మావారికి మిర్చి యార్డులో కమీషన్ వ్యాపారం. నేను విజయవాడలో ఒక ప్రైవేటు కంపెనీలో అకౌంట్స్ చూస్తాను, రోజూ బస్సులో వెళ్లి వస్తాను. పాప జూన్‌లో టెన్త్‌లోకి వెళ్తుంది. బాబు నాలుగో తరగతి. కొరిటెపాడులో ఇద్దరి పేరు మీదా లోన్ తీసుకుని ఫ్లాట్ కొన్నాం. అత్తగారు మాతోనే ఉంటారు.

ఆయన కొట్టరు, తాగరు. కానీ రెండేళ్లుగా మా మధ్య మాటల్లేవు. మాట్లాడితే గొడవే. డబ్బు దగ్గర మొదలై మా నాన్న దాకా వెళ్తుంది. ఏడాదిగా వేరే గదుల్లో పడుకుంటున్నాం. నా బంగారం ఆయన వ్యాపారం కోసం బ్యాంకులో తాకట్టు పెట్టారు. రెండు సీజన్లు అయిపోయినా విడిపించలేదు. అడిగితే "నా మీద నమ్మకం లేదా?" అంటారు.

నాకు విడాకులు కావాలో వద్దో తెలియడం లేదు. ఈ ఇంట్లో ఇలా మాత్రం ఉండలేను. విజయవాడలో ఇల్లు తీసుకుని పిల్లలతో కొన్నాళ్లు ఉంటానంటే "నీ ఇష్టం, వెళ్తే వెళ్లు" అన్నారు. అమ్మ సర్దుకుపొమ్మంటోంది. తమ్ముడు వెంటనే విడాకుల నోటీసు పంపిద్దాం అంటున్నాడు. బంధువుల్లో ఒక ప్లీడరు గారు "నువ్వు గడప దాటితే కేసు పోయినట్టే" అన్నారు. విడాకులు తీసుకోకుండా విడిగా ఉండటానికి ఏదైనా పద్ధతి ఉందా?
ఒక పాఠకురాలు, గుంటూరు

జవాబు: పద్ధతి ఉందమ్మా. కానీ "నీ ఇష్టం, వెళ్తే వెళ్లు" అన్న మాట పట్టుకుని మాత్రం బయటికి రాకండి. ఆయన విసుగులో అన్న మాట అది. రేపు ఆయనే "చెప్పా పెట్టకుండా పిల్లల్ని తీసుకుని వెళ్లిపోయింది" అంటే, ఇవాళ్టి మాటకు మీకు సాక్ష్యం మీ అత్తగారు ఒక్కరే. ఆవిడ ఎవరి వైపు చెబుతారో మీకే బాగా తెలుసు.

మన దగ్గర విడిగా ఉండటం అంటే చాలావరకు ఒకే దారిలో నడుస్తుంది. గొడవ ముదురుతుంది. ఆవిడ పెట్టె సర్దుకుని పుట్టింటికి వస్తుంది. నాలుగు రోజులుండి వెళ్తుందిలే అని వీళ్లు, కోపం తగ్గితే తనే వస్తుందిలే అని వాళ్లు. దసరాకి అటునుంచి ఫోన్ వస్తుందని చూస్తారు, రాదు. సంక్రాంతికి అల్లుడు వస్తాడని చూస్తారు, రాడు. ఈలోపు ఎవరో ఒకరు ఒక మాట తూలతారు, దాన్ని ఇంకొకరు మోసుకెళ్తారు. రెండేళ్లు తిరిగేసరికి ఎవరూ కూర్చుని నిర్ణయించకుండానే కాపురం ముగిసిపోతుంది. నాకు ఉత్తరాలు రాసేవాళ్లలో కోర్టు దాకా వెళ్లిన చాలామంది మొదట విడాకులు కావాలని బయటికి వచ్చినవాళ్లు కారు.

అందుకని విడిగా ఉండాలనుకుంటే ఉండండి. ఏ తేదీ నుంచి, ఏ తేదీ దాకా, ఎవరు ఎక్కడ, ఎవరి ఖర్చు ఎవరిది, పిల్లలు ఎప్పుడు ఎవరి దగ్గర అన్నది రాసుకుని, ఇద్దరూ సంతకం పెట్టాక ఉండండి. అన్నదమ్ములు పొలం పంచుకునేటప్పుడు గట్టు ఎక్కడో రాసుకోకపోతే తర్వాత ఏమవుతుందో గుంటూరు జిల్లాలో పుట్టినవాళ్లకు వివరించక్కర్లేదు.

ముందే ఒకటి చెప్పాలి. ఆయన కొట్టరని మీరు రాశారు కాబట్టే ఈ సలహా. చెయ్యి చేసుకునే మనిషితో, చంపుతానని బెదిరించే మనిషితో ఒప్పంద పత్రాలు, గడువులు పనిచేయవు. అలాంటి ఇంట్లో ఉన్నవాళ్లు 112కో, మహిళల హెల్ప్‌లైన్ 181కో ఫోన్ చేసి ముందు బయటపడాలి. 2005 నాటి గృహ హింస చట్టం కింద రక్షణ ఉత్తర్వులు, అదే ఇంట్లో ఉండే హక్కు, ఖర్చులకు డబ్బు అన్నీ కోరవచ్చు. మీ పరిస్థితి అది కాదు.

ఇక ప్లీడరు గారి మాట. అది సగమే నిజం. 1955 హిందూ వివాహ చట్టంలో, సరైన కారణం లేకుండా, ఎదుటివారి అంగీకారం లేకుండా వదిలేసి వెళ్లి ఆగకుండా రెండేళ్లు దూరంగా ఉంటే అది విడాకులు అడగడానికి ఒక కారణం. ఆ ప్లీడరు గారు చెప్పని సంగతి 'అంగీకారం లేకుండా' అన్నది. ఇద్దరూ ఒప్పుకుని వేరుగా ఉంటే అది వదిలేసి పోవడం కిందికి రాదు. ఒప్పుకున్నట్టు మీ చేతిలో కాగితం ఉండాలి, అంతే. ఫ్లాట్ సంగతి కూడా అంతే. రిజిస్ట్రేషన్‌లో మీ పేరుంది. మీరు ఎక్కడ అద్దెకున్నా ఆ వాటా మీదే. అయితే లోన్‌లో కూడా మీ పేరుంది కాబట్టి ఈఎంఐ ఆగితే బ్యాంకు మిమ్మల్నీ అడుగుతుంది, సిబిల్ స్కోరు మీదీ పడుతుంది.

"కాపురానికి రమ్మని కేసు వేస్తే?" అని మీ అమ్మగారు భయపడుతూ ఉండొచ్చు. అది అదే హిందూ వివాహ చట్టంలోని సెక్షన్ 9. దీని మీద మన రాష్ట్రానికి ఒక చరిత్ర ఉంది. 1983లో ఆంధ్రప్రదేశ్ హైకోర్టు, ఇష్టం లేని మనిషిని కాపురానికి పంపే ఈ సెక్షన్ రాజ్యాంగానికి విరుద్ధమని కొట్టేసింది. మరుసటి ఏడాదే సుప్రీంకోర్టు వేరే కేసులో ఆ అభిప్రాయాన్ని కాదని సెక్షన్‌ని నిలబెట్టింది. కాబట్టి కేసు వేయొచ్చు, డిక్రీ, అంటే కోర్టు తీర్పు ఉత్తర్వు, కూడా రావచ్చు. కానీ ఆ డిక్రీ పట్టుకుని పోలీసులు వచ్చి మిమ్మల్ని చెయ్యి పట్టుకుని తీసుకెళ్లరు. ఆస్తి జప్తు కోరవచ్చు, ఏడాది పాటు కాపురం మళ్లీ మొదలవకపోతే విడాకులు అడగవచ్చు. డిక్రీ ఉన్నా, వెళ్లకపోవడానికి భార్యకు సరైన కారణం ఉంటే మనోవర్తి ఆపకూడదని 2025 జనవరిలో సుప్రీంకోర్టు చెప్పింది.

మీరు అడిగిన దానికి దగ్గరగా చట్టంలో ఉన్న పేరు జ్యుడీషియల్ సెపరేషన్, సెక్షన్ 10. పెళ్లి అలాగే ఉంటుంది, కలిసి కాపురం చేయాల్సిన బాధ్యత మాత్రం తీరిపోతుంది. తర్వాత ఇద్దరూ కలిస్తే ఆ డిక్రీని రద్దు చేయమని కోర్టునే అడగవచ్చు. ఏడాది దాటినా కలవకపోతే ఇద్దరిలో ఎవరైనా విడాకులకు వెళ్లొచ్చు. వినడానికి బాగుంది. కానీ అది కావాలంటే విడాకులకు ఏ కారణాలు చూపాలో అవే చూపాలి. అంటే ఆయన క్రూరంగా ప్రవర్తించారని పిటిషన్‌లో రాయాలి, ఆయన కౌంటర్‌లో మీ గురించి రాస్తారు, మీ నాన్నగారి గురించీ రాస్తారు. ఒకసారి ఆ కాగితాలు చదువుకున్నాక మళ్లీ ఒకే బల్ల దగ్గర కూర్చుని భోంచేయడం కష్టం. మత విశ్వాసం వల్ల విడాకులు వద్దనుకునేవాళ్లకు, ఎదుటి మనిషి మాట మీద బొత్తిగా నమ్మకం లేనివాళ్లకు అది పనికొస్తుంది. మీకు ఇప్పుడు అనవసరం అని నా అభిప్రాయం. మీకు కావాల్సింది కోర్టు బయట, ప్లీడరు రాసిపెట్టే ఒప్పంద పత్రం.

ఆ పత్రంలో చాలామంది ఆడవాళ్లు పడే గొయ్యి ఒకటుంది. నెలనెలా మనోవర్తి కోసం భార్యలు వెళ్లే పాత క్రిమినల్ ప్రొసీజర్ కోడ్ సెక్షన్ 125, 2024 జులై 1 నుంచి కొత్త బీఎన్‌ఎస్‌ఎస్ (భారతీయ నాగరిక్ సురక్షా సంహిత) చట్టంలో 144. ఇద్దరూ పరస్పర అంగీకారంతో విడిగా ఉంటుంటే ఆ సెక్షన్ కింద భార్యకు మనోవర్తి రాదని అందులోనే ఉంది. అంటే మంచితనంగా "మేమిద్దరం ఇష్టపూర్వకంగా విడిగా ఉంటున్నాం" అని ఒక్క వాక్యం రాసి సంతకం పెట్టి, డబ్బు సంగతి రాయకుండా వదిలేస్తే, ఆ వాక్యమే రేపు మీకు అడ్డం వస్తుంది. 1956 హిందూ దత్తత, మనోవర్తి చట్టం సెక్షన్ 18 లాంటి వేరే దారులు ఉన్నాయి. కానీ ఒక దారి మనమే మూసేసుకుని ఇంకోటి వెతుక్కోవడం ఎందుకు? అందుకే ఎందుకు విడిగా ఉంటున్నారో కారణం రాయించండి, నెలకు ఎంత, ఏ తేదీకి, ఏ ఖాతాలో అన్నది అంకెతో రాయించండి. పిల్లల ఖర్చు వేరే పేరాలో ఉండాలి. మీరిద్దరూ ఏం ఒప్పుకున్నా పిల్లల హక్కు పిల్లలదే. "ఇకమీదట మనోవర్తి అడగను" అనే వాక్యం ఎవరైనా చేర్చమంటే చేర్చవద్దు. అలాంటి మాటల్ని కోర్టులు మామూలుగా ఒప్పుకోవు, కానీ ఒప్పుకోలేదని తేలేలోపు ఏళ్లు పోతాయి.

మీ జీతం మీకుంది కదా, ఆయన డబ్బు ఎందుకని మీకు అనిపించవచ్చు. చాలామంది చదువుకున్న ఆడవాళ్లు పౌరుషానికి పోయి ఇక్కడే నష్టపోతారు. పిల్లలు ఇద్దరివీ. ఆయన ఆదాయం సీజన్ మీద ఆధారపడింది. ఫిబ్రవరి, మార్చి, ఏప్రిల్‌లో చేతినిండా డబ్బు, వానాకాలంలో అప్పులు. కాబట్టి "నెలకు ఇంత" అని ఒకే అంకె పెడితే ఆగస్టులోనే తప్పుతుంది, తప్పినందుకు మళ్లీ గొడవ. స్కూలు ఫీజులు, పాప ట్యూషన్ ఏడాదికి సరిపడా సీజన్‌లోనే ఆయన నేరుగా స్కూలుకే కట్టేలా, ఈఎంఐ ఆయన ఖాతాలోంచే పోయేలా, నెలవారీ మొత్తం తక్కువగా ఉన్నా క్రమం తప్పకుండా వచ్చేలా మాట్లాడుకోండి. చీటీలు ఏవైనా మీ పేరు మీద వేసి ఆయన పాడుకుని ఉంటే, ఆయన అప్పులకు మీరు హామీ సంతకాలు పెట్టి ఉంటే, అవన్నీ ఒక జాబితాగా రాసి చివర్లో జత చేయండి. ఇక ముందు కొత్త హామీ సంతకాలు పెట్టనని కూడా అందులోనే రాయొచ్చు. హెల్త్ ఇన్సూరెన్స్ పాలసీ ఏది నడుస్తోందో చూసుకుని ఆగకుండా ఉంచండి. పెళ్లి రద్దు కాలేదు కాబట్టి మీరు ఆయన కుటుంబమే. రేపు ఆయనకు ఏదైనా అయితే, వీలునామా లేకపోతే, ఆయన ఆస్తిలో మీకు, ఇద్దరు పిల్లలకు, మీ అత్తగారికి సమాన వాటాలు వస్తాయి. విడిగా ఉన్నంత మాత్రాన అది మారదు. ఇది విడాకులకూ దీనికీ ఉన్న పెద్ద తేడా.

బంగారం విషయంలో మాత్రం మెత్తగా ఉండకండి. పెళ్లికి మీ వాళ్లు పెట్టింది, మీకు బహుమతిగా వచ్చింది మీ స్త్రీధనం. దాని మీద భర్తకు యాజమాన్యం లేదని, అవసరానికి వాడుకుంటే తిరిగి ఇవ్వాల్సిందేనని సుప్రీంకోర్టు ఎన్నోసార్లు చెప్పింది. పసుపుకుంకుమల కింద పొలం ఏదైనా ఇచ్చి ఉంటే అదీ అంతే. ఏ బ్యాంకులో, ఎన్ని గ్రాములు, ఎంత అప్పు, ఏ తేదీలోగా విడిపిస్తారు అన్నది పత్రంలో ఉండాలి. ఈ సీజన్ డబ్బు చేతికి రాగానే కనీసం సగమైనా విడిపించాలని పట్టుబట్టండి. "నమ్మకం లేదా?" అంటే, నమ్మకం ఉన్న చోటే రాసుకోవడం సులువని చెప్పండి. మీ ఉత్తరం రెండుసార్లు చదివాను. మీ గొడవకు మూలం మీ నాన్నగారు కాదని, ఈ తాకట్టేనని నాకు అనిపిస్తోంది. రెండు సీజన్లుగా విడిపించలేకపోతున్నారంటే వ్యాపారం ఆయన చెప్పుకోలేనంత దెబ్బతిని ఉండొచ్చు. మగవాళ్లు భార్యతో మాట్లాడటం మానేసే కారణాల్లో సిగ్గు ఒకటి. అదే నిజమైతే విడిగా ఉండే కాలంలో తేల్చుకోవాల్సిన మొదటి విషయం మీకు దొరికినట్టే.

ఇప్పుడు మీకు నచ్చని మాట. విజయవాడకు మారకండి, ఈ ఏడాదికి వద్దు. మీకు బస్సు ప్రయాణం తప్పుతుంది, నిజమే. కానీ పాప టెన్త్. ఇప్పుడు స్కూలు మారిస్తే కొత్త టీచర్లు, కొత్త స్నేహితులు, దాని మీద అమ్మా నాన్నల సంగతి. మార్చిలో పబ్లిక్ పరీక్షలు. అవి అయ్యేదాకా ఆ పిల్ల కాళ్ల కింద నేల కదలకుండా ఉండాలి. విద్యానగర్‌లోనో, పట్టాభిపురంలోనో, మీ ఫ్లాట్‌కి ఆటోలో పది నిమిషాల్లో వెళ్లగలిగే చోట రెండు గదుల ఇల్లు చూసుకోండి. అద్దె ఒప్పందం మీ పేరు మీదే రాయించండి. బాబు సైకిల్ మీద నాన్న దగ్గరికి వెళ్లి రాగలిగే దూరమైతే ఇంకా మంచిది. పిల్లల్ని దూరం తీసుకుపోతోందన్న భయం ఆయనకు లేకపోతే సంతకం పెట్టడమూ తేలికవుతుంది. 35 కిలోమీటర్ల అవతల ఉంటే ప్రతి ఆదివారం ఒక ప్రయాణం, ప్రతి ప్రయాణం ముందు ఒక ఫోన్ గొడవ.

పిల్లలకు మీరిద్దరూ కలిసి, ఒకేసారి చెప్పండి. "అమ్మకు ఆఫీసు దూరం అని" లాంటి అబద్ధాలు వద్దు. ఏడాదిగా మీరు వేరే గదుల్లో పడుకుంటున్న సంగతి మీ పాపకు తెలియదనుకుంటున్నారా? "నాకూ నాన్నకూ పడటం లేదు. టెన్త్ పరీక్షలు అయ్యేదాకా రెండు ఇళ్లలో ఉంటాం. నిన్నూ తమ్ముణ్ణీ చూసుకోవడంలో ఏ మార్పూ ఉండదు. ఇది మీ వల్ల కాదు" అంటే చాలు. తప్పెవరిదో చెప్పకండి. ఆ పిల్ల చేత కబుర్లు పంపకండి. "మీ నాన్నని ఫీజు కట్టమని చెప్పు", "మీ అమ్మని అడుగు ఎప్పుడొస్తుందో" అని అటూ ఇటూ తిప్పితే పద్నాలుగేళ్ల పిల్ల రాయబారి అయిపోతుంది, పుస్తకం ముట్టదు. వారంలో ఏ రోజులు ఎక్కడ, దసరా సెలవులు ఎక్కడ, సంక్రాంతి ఎక్కడ అన్నది ముందే రాసుకోండి. నానమ్మ దగ్గరికి వెళ్లడం ఆపకండి. ఆవిడతో మీకున్న లెక్కలు వేరు, వాళ్లవి వేరు.

ఇక ఎవరూ రాసుకోని విషయాలు కొన్ని ఉంటాయి. మీ వైపు పెళ్లిళ్లు వస్తాయి, ఆయన వైపు గృహప్రవేశం వస్తుంది. పీటల మీద కూర్చోవాల్సి వస్తే కూర్చుంటారా? దగ్గరివాళ్ల శుభకార్యాలకు ఇద్దరూ కలిసి వెళ్లి, కలిసి కనపడి, ఎవరింటికి వాళ్లు రావచ్చు. నటన అనుకోకండి, అవతలివాళ్ల శుభకార్యానికి ఇచ్చే గౌరవం. బంధువులు అడిగితే ఇద్దరూ ఒకే సమాధానం చెప్పాలి: "కొన్నాళ్లు విడిగా ఉంటున్నాం, పాప పరీక్షలయ్యాక చూద్దాం." అంతకు మించి ఒక్క ముక్క కూడా వద్దు. వాట్సాప్ స్టేటస్‌లో సూక్తులు పెట్టకండి. మీరు ఎవరిని ఉద్దేశించి పెట్టారో మీ ఆడపడుచు నిమిషంలో కనిపెడుతుంది.

ఈ కాలంలో వేరే మనిషితో సంబంధం పెట్టుకోకూడదన్నది ఇద్దరికీ వర్తిస్తుంది. చెప్పుకోవడానికి ఇబ్బందిగా ఉన్నా నోరు తెరిచి అనుకోవాలి. అలాగే, విడిగా ఉంటున్న భార్యను ఆమె ఇష్టం లేకుండా భర్త బలవంతం చేస్తే అది నేరం. భారతీయ న్యాయ సంహిత సెక్షన్ 67 కింద రెండేళ్ల నుంచి ఏడేళ్ల దాకా జైలు. కోర్టు డిక్రీ లేకుండా వేరుగా ఉంటున్నా అది వర్తిస్తుంది. మీ ఆయన అలాంటి మనిషని కాదు. ఈ సంగతి చాలామంది ఆడవాళ్లకు తెలియదు కాబట్టి చెబుతున్నాను.

పెద్దమనుషుల గురించి కూడా ఒక మాట. మీ ఒప్పందానికి సాక్షులుగా ఇద్దరు పెద్దవాళ్లు ఉంటే మంచిదే. మీ వైపు ఒకరు, ఆయన వైపు ఒకరు, ఇద్దరూ నోరు తక్కువగా ఉన్నవాళ్లయితే ఇంకా మంచిది. కానీ పల్లెల్లో స్టాంపు కాగితం మీద "నేటి నుండి మాకు ఎలాంటి సంబంధం లేదు" అని రాసి పంపించే అలవాటు ఇంకా ఉంది. కొన్ని కులాల్లో ఆచారంగా వస్తున్న విడాకులను చట్టం గుర్తిస్తుంది, అయితే ఆ ఆచారం ఉందని కోర్టులో రుజువు చేయాలి. అది లేకుండా ఆ కాగితం నమ్మి మళ్లీ పెళ్లి చేసుకుంటే రెండో పెళ్లి చెల్లదు, పైగా ఏడేళ్ల దాకా శిక్ష పడే నేరం. నోటరీ ముద్ర ఉన్నంత మాత్రాన పెళ్లి రద్దవదు. మీ పత్రంలో "ఇది విడాకులు కాదు" అన్న వాక్యం ఉండేలా చూసుకోండి.

మీ తమ్ముడికి కూడా జవాబు చెప్పాలి కదా. అతనితో ఇలా అనండి: ఈ పత్రం విడాకుల దారిని మూసేయదు. హిందూ వివాహ చట్టం సెక్షన్ 13బి కింద పరస్పర అంగీకార విడాకులకు వెళ్లాలంటే ముందు ఏడాది పాటు విడిగా ఉండి ఉండాలి. ఆ ఏడాది ఎప్పుడు మొదలైందో మీ పత్రం మీద తేదీ చెబుతుంది. ఒకే ఇంట్లో ఉన్నా భార్యాభర్తలుగా లేకపోతే దాన్నీ విడిగా ఉన్నట్టే లెక్కించవచ్చని 1991లోనే సుప్రీంకోర్టు అంది, కానీ అది రుజువు చేయడం కష్టం. పిటిషన్ వేశాక ఆరు నెలలు ఆగాలన్న నిబంధనను, అవసరం లేదనిపిస్తే కోర్టు సడలించవచ్చని 2017లో చెప్పింది. దానికి చూసేవి ఏమిటంటే ఇద్దరూ ఎంతకాలంగా విడిగా ఉన్నారు, రాజీకి నిజంగా ప్రయత్నించారా, డబ్బు, పిల్లల సంగతి తేల్చుకున్నారా. మీరు ఇప్పుడు రాసుకునేవి అవే. కలిసినా, విడిపోయినా ఈ ఏడాది వృథా కాదు. ఈ రోజు నోటీసు పంపితే మాత్రం కలిసే దారి దాదాపు మూసుకుంటుంది.

మీరు క్రైస్తవులైతే చట్టం వేరు. 1869 నాటి డైవోర్స్ చట్టంలో కూడా జ్యుడీషియల్ సెపరేషన్ ఉంది, పరస్పర అంగీకార విడాకులకు మాత్రం రెండేళ్లు విడిగా ఉండాలని రాసి ఉంది. 1954 స్పెషల్ మ్యారేజ్ చట్టం కింద రిజిస్టర్ మ్యారేజి చేసుకున్నవాళ్లకు ఆ చట్టమే వర్తిస్తుంది, అందులో ఏడాదే.

విడిగా ఉండి ఏం చేయాలన్నది కూడా తేల్చుకోవాలి. ఊరికే దూరంగా ఉంటే కోపం తగ్గుతుంది, సమస్య తగ్గదు. నెలకు రెండుసార్లు, ఇంట్లో కాకుండా బయట ఎక్కడైనా, పిల్లలు లేకుండా గంట సేపు కూర్చోండి. మొదటి అరగంట లెక్కలు, తర్వాత అరగంట మిగతావి. గొంతు పెరిగితే లేచి వచ్చేయాలన్నది ముందే నియమం. ఇద్దరికీ సంబంధం లేని కౌన్సెలర్ దగ్గరికి ఆయన వస్తానంటే చాలా మంచిది, రానంటే మీరొక్కరే వెళ్లండి. దసరాకి ఒకసారి, సంక్రాంతికి ఒకసారి ఎలా నడుస్తోందో చూసుకోండి. పాప చివరి పరీక్ష అయ్యేదాకా ఏ తుది నిర్ణయమూ ప్రకటించకూడదు. గడువు తీరాక దారులు మూడు: కలవడం, ఇంకో ఆరు నెలలు పొడిగించడం, పరస్పర అంగీకారంతో విడిపోవడం. రెండోదాన్ని రెండుసార్లకు మించి వాడుకోవద్దు. అలా లాక్కుంటూ పోయేవాళ్లు మళ్లీ మొదట చెప్పిన దారిలోకే వస్తారు.

ఎప్పుడు మాట్లాడాలన్నది కూడా చూసుకోండి. రాత్రి పది గంటలకు యార్డు నుంచి దుమ్ముతో, తుమ్ములతో వచ్చిన మనిషి ముందు కాగితం పెట్టకండి. సీజన్ తగ్గాక, స్కూళ్లు తెరిచే ముందు మే నెల మంచి సమయం. మీరు రాసుకున్నది ఒక ప్రతి ఆయనకిచ్చి వారం టైమివ్వండి. ఆయన తరఫు ప్లీడరుకు చూపించుకోనివ్వండి. ఆయన మార్చిన వాక్యాలు చూస్తే ఆయన భయమేమిటో మీకు అర్థమవుతుంది.

సంతకం పెట్టను పొమ్మంటే? అప్పుడు ఎందుకు వెళ్తున్నారో, ఎక్కడ ఉంటారో, పిల్లల్ని ఎప్పుడు చూడవచ్చో, గడువు ఎంతో మర్యాదగా రాసి స్పీడ్ పోస్టులో ఆయనకు పంపి, రసీదు దాచుకోండి. వాట్సాప్‌లోనూ పెట్టండి. దాని తర్వాత వెళ్తే, చెప్పకుండా వదిలేసి వెళ్లిందని అనడం కష్టమవుతుంది. గుంటూరులో జిల్లా న్యాయ సేవాధికార సంస్థ ఉంది. ఆడవాళ్లకు ఆదాయంతో సంబంధం లేకుండా ఉచితంగా ప్లీడరును ఇస్తారు, 15100కి ఫోన్ చేసినా దారి చెబుతారు. కేసు వేయకముందే ఇద్దరినీ పిలిచి కూర్చోబెట్టమని అక్కడ దరఖాస్తు పెట్టుకోవచ్చు. లోక్ అదాలత్‌లో కుదిరిన రాజీకి కోర్టు డిక్రీకి ఉన్నంత బలం ఉంటుంది. మొదటి కాగితం మీ తమ్ముడి ప్లీడరు దగ్గర నుంచి కాకుండా అక్కడి నుంచి వెళ్తే, మీ ఆయన దాన్ని యుద్ధం అనుకోకుండా వచ్చి కూర్చునే అవకాశం ఎక్కువ.